ఒక్కో మార్పుకు ఒక్కో పద్దు

కిరాణా కొట్టుకు బయల్దేరుతుంటే పక్కింటివాళ్ళు కూడా ఓ రెండు వస్తువులు తెచ్చిపెట్టమంటారు. మన కందిపప్పూ వాళ్ళ చింతపండూ ఒకే సంచిలో పడినా, బిల్లు మాత్రం రెండుగా రాయమని కొట్టాయన్ని అడుగుతాం. ఒకటే రాయించుకుంటే ఎవరిది ఎంతో ఇంటికొచ్చాక కూర్చుని తేల్చుకోవాలి. చింతపండు పాతదని వాళ్ళు తిప్పి పంపితే, మన కందిపప్పు కూడా ఉన్న బిల్లు పట్టుకుని మళ్ళీ కొట్టు మెట్లెక్కాలి.

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు రోజుకు నాలుగైదుసార్లు ఇలాంటి బిల్లే రాస్తారు. దాని పేరు కమిట్. ప్రోగ్రాములో ఏదైనా మార్చాక ఆ మార్పును చిట్టాకెక్కించే పని అది. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, ఏ పంక్తి తీసి ఏ పంక్తి పెట్టారు అన్నవన్నీ యంత్రం తనంతట తానే రాసుకుంటుంది. ఎందుకు మార్చారన్నది మాత్రం మనిషి రాయాలి. ఏ మార్పులు ఏ పద్దులోకి వెళ్ళాలో కూడా మనిషే తేల్చాలి. ఈ రెండు పనులూ చూడటానికి చిన్నవి. చేయడానికి మాత్రం ఓపిక కావాలి, సాయంత్రం ఆరున్నరకు ఆ ఓపిక ఎవరికీ మిగలదు.

నేను పనిచేసిన ఒకచోట బిల్లింగ్ ప్రోగ్రాము ఒకటి ఉండేది. ఓ శుక్రవారం అందులో రెండు పనులు చేశాను. పన్ను లెక్కలో పైసలను సర్దే పద్ధతి మార్చాను, ప్రింటరులో చివరి గడి కత్తిరించుకుపోతుంటే సరిచేశాను. రెండింటినీ కలిపి ఒకే కమిట్ చేసి, కారణం దగ్గర ‘సరిచేశాను’ అని ఒక్క మాట రాసి ఇంటికి వెళ్ళాను. సోమవారం పన్ను లెక్క తప్పని తేలింది. నేను సెలవులో ఉన్నాను. బృందంలో ఉన్నవాళ్ళు ఆ కమిట్‌ను రద్దు చేశారు. పన్ను లెక్క కుదిరింది గానీ ప్రింటరు సవరణ కూడా దాంతోపాటే కొట్టుకుపోయింది. మళ్ళీ ప్రతి బిల్లులోనూ మొత్తం కనబడాల్సిన గడి సగానికి తెగిపోయి వచ్చింది. ఎందుకిలా అవుతోందో వాళ్ళకు అంతుపట్టలేదు, ఎందుకంటే నేను రాసిన ఒక్క మాటలో ప్రింటరు ఊసే లేదు. సగం రోజు పోయింది. అప్పటినుంచి కమిట్ అనే చిన్న పని మీద నాకు పెద్ద పట్టింపు ఏర్పడింది. దాన్ని సులువు చేసే పనిముట్లను శ్రద్ధగా గమనించడం కూడా అప్పుడే మొదలైంది. టెర్మినల్ అనే నల్ల తెర మీద ఆజ్ఞ టైపు చేస్తే బదులిచ్చే పనిముట్ల గురించే ఇక్కడ చెబుతున్నాను.

పైపుల మీద వాష్‌బేసిన్

మార్పుల చిట్టా రాసే ప్రోగ్రాములు కొత్తవి కావు. 1972లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ ఎస్‌సీసీఎస్ అనే దాన్ని తయారుచేశాడు. 1980ల తొలినాళ్ళలో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిషీ ఆర్‌సీఎస్ రాశాడు. అది ఒక్కో ఫైలుకు ఒక్కో చిట్టా నడిపేది, ఒకరు ఫైలు తెరిచి పనిచేస్తుంటే ఇంకొకరు ఆగాల్సి వచ్చేది. ఆమ్‌స్టర్‌డామ్‌లో డిక్ గ్రూన్ అనే అధ్యాపకుడికి ఈ ఆగడం కుదరలేదు. ఆయనా, ఇద్దరు విద్యార్థులూ కలిసి ఒక సి కంపైలర్ మీద పనిచేస్తున్నారు, ముగ్గురి వేళలూ వేరు. అందుకని ఆర్‌సీఎస్ ఆజ్ఞలను వెనక నుంచి నడిపించే కొన్ని చిన్న స్క్రిప్టులు రాసుకున్నాడు. 1986లో వాటిని సీవీఎస్ అనే పేరుతో విడుదల చేశాడు. తర్వాతి రోజుల్లో ప్రపంచంలోని ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగం ఆ సీవీఎస్ మీదే నడిచింది.

ఈ కథలో గమనించాల్సింది ఒకటుంది. సీవీఎస్ మొదట కొత్త యంత్రమేమీ కాదు. ఉన్న యంత్రానికి తొడిగిన పిడి. ఈ రంగంలో ఇదే మళ్ళీ మళ్ళీ జరిగింది. ముందు ఎవరో గట్టి యంత్రం చేస్తారు, దాన్ని పట్టుకోలేక ఇబ్బందిపడే ఇంకెవరో దానికి పిడి తొడుగుతారు, కొన్నాళ్ళకు ఆ పిడి యంత్రంలో కలిసిపోతుంది.

చిట్టా రాసే మరో ప్రోగ్రాము గిట్ విషయంలోనూ అంతే. లైనక్స్ కెర్నల్ రాసేవాళ్ళు 2002 నుంచి బిట్‌కీపర్ అనే వ్యాపార ప్రోగ్రాముతో చిట్టా నడిపేవారు. 2005లో దాని ఉచిత వాడకానికి అనుమతి పోయింది. ఆ ఏప్రిల్ తొలివారంలో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ సొంతంగా ఒకటి రాయడం మొదలుపెట్టాడు. ఏప్రిల్ 7న గిట్ తన సొంత కోడ్‌నే తనలో కమిట్ చేసుకుంది. ఆ మొదటి కమిట్ మొత్తం సుమారు 1,200 పంక్తులు.

అప్పట్లో కమిట్ చేయడం ఇప్పటిలా ఒక్క ఆజ్ఞ కాదు. మొదటి గిట్‌లో ఏడు చిన్న ప్రోగ్రాములు ఉండేవి. మార్చిన ఫైలును ముందు అప్‌డేట్-క్యాష్‌తో జాబితాకెక్కించాలి. తర్వాత రైట్-ట్రీ నడిపితే 40 గుర్తుల పొడవైన సంఖ్య ఒకటి తెర మీద పడుతుంది. దాన్ని కాపీ చేసి కమిట్-ట్రీకి ఇవ్వాలి, దాంతోపాటు క్రితం కమిట్ తాలూకు 40 గుర్తులూ ఇవ్వాలి, ఆ తర్వాత కారణం టైపు చేయాలి. అప్పుడు ఇంకో 40 గుర్తులు బయటపడతాయి. వాటిని తీసుకెళ్ళి ‘ప్రస్తుతం ఇక్కడ ఉన్నాం’ అని చెప్పే ఫైలులో చేత్తో రాయాలి. ఇందులో ఒక్క గుర్తు తప్పినా పని చెడుతుంది.

టోర్వాల్డ్స్ తన పని కేవలం గోడలోని పైపులు వేయడమేననీ, వాటి మీద నున్నటి వాష్‌బేసిన్ బిగించే పని ఇతరులదనీ భావించాడు. గిట్ వాడేవాళ్ళు ఇప్పటికీ లోపలి ఆజ్ఞలను ప్లంబింగ్ అనీ, పైకి వాడే ఆజ్ఞలను పోర్స్‌లీన్ (పింగాణీ) అనీ అంటారు. ఆ బేసిన్లలో తొలి తరానిది కోగిటో. చెక్ ప్రోగ్రామర్ పీటర్ బౌడిష్ 2005 ఏప్రిల్‌లోనే దాని పని మొదలుపెట్టాడు. పైన చెప్పిన మెట్లన్నింటినీ అది ఒక్క ఆజ్ఞగా కుదించింది. గిట్‌లోనే ‘గిట్ కమిట్’ అనే ఆజ్ఞ వచ్చి కుదురుకున్నాక కోగిటో అవసరం తీరిపోయింది. ఆ గిట్ కమిట్ కూడా మొదట్లో ప్లంబింగ్ ఆజ్ఞలను వరసగా పిలిచే షెల్ స్క్రిప్టే. దాన్ని సి భాషలోకి తిరగరాసింది తర్వాతెప్పుడో. కాబట్టి ఈరోజు మనం కష్టంగా ఉందనుకుంటున్న గిట్ కమిట్ కూడా ఒకప్పుడు కమిట్‌ను సులువు చేయడానికి పుట్టిన పనిముట్టే.

ఆ 40 గుర్తుల సంగతి కూడా చెప్పాలి. గిట్ ప్రతి వస్తువుకూ ఒక వేలిముద్ర లెక్కగడుతుంది. ఎస్‌హెచ్‌ఏ-1 అనే గణిత పద్ధతి ఎంత పెద్ద ఫైలునైనా నలిపి 160 బిట్ల సంఖ్యగా మారుస్తుంది. ఫైలులో ఒక్క కామా మారినా సంఖ్య మొత్తం మారిపోతుంది. ఫైళ్ళకు వేలిముద్రలు, వాటిని పట్టుకున్న ఫోల్డరుకు వేలిముద్ర, ఆ ఫోల్డరు వేలిముద్రనూ క్రితం కమిట్ వేలిముద్రనూ మన పేరునూ సమయాన్నీ మనం రాసిన కారణాన్నీ కలిపితే కమిట్‌కు వేలిముద్ర. అంటే కారణంలో అచ్చుతప్పు దిద్దినా అది వేరే కమిట్ అవుతుంది. దాని తర్వాత వచ్చినవన్నీ కూడా వేరేవి అవుతాయి. ఏ లోకంలో ఎవరు లెక్కించినా ఖాళీ ఫైలు వేలిముద్ర ఒక్కటే. చెన్నైలో ఒకరూ శాన్‌హోసేలో ఒకరూ ఒకే చిట్టాను నమ్మగలుగుతున్నది ఈ ఏర్పాటు వల్లే. 2017లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధన సంస్థ సీడబ్ల్యూఐ, గూగుల్ కలిసి ఒకే ఎస్‌హెచ్‌ఏ-1 వేలిముద్ర ఉన్న రెండు వేర్వేరు ఫైళ్ళను తయారుచేసి చూపించాక, అలాంటి దాడిని పసిగట్టే రక్షణను గిట్‌లో చేర్చారు. అంతకన్నా గట్టిదైన ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతికి మారే దారి కూడా తర్వాత వేశారు.

కౌంటర్ మీద పెట్టినవే బిల్లులోకి

గిట్ నేర్చుకునేవాళ్ళు మొదట తికమకపడేది స్టేజింగ్ దగ్గర. ఫైలు మార్చాం, కమిట్ అన్నాం, అయిపోవాలి కదా? మధ్యలో ‘గిట్ యాడ్’ అనే ఇంకో మెట్టు ఎందుకు? నేను నేర్పిన ప్రతి ఒక్కరూ ఈ ప్రశ్న వేశారు.

మళ్ళీ కిరాణా కొట్టుకే వెళ్దాం. సంచిలో చాలా ఉన్నా, కౌంటర్ మీద పెట్టినవే బిల్లులోకి వెళ్తాయి. సంచి మన పనిచేసే ఫోల్డరు, కౌంటర్ స్టేజింగ్, బిల్లు కమిట్. ముందు కందిపప్పు, బియ్యం కౌంటర్ మీద పెట్టి ఒక బిల్లు కొట్టించుకుంటాం. తర్వాత చింతపండు పెట్టి ఇంకో బిల్లు. కౌంటర్ అనేదే లేకపోతే సంచి మొత్తానికి ఒకే బిల్లు. నా శుక్రవారం కమిట్ అలాంటిదే.

చిక్కు ఎక్కడంటే, పన్ను లెక్కా ప్రింటరు సవరణా ఒక్కోసారి ఒకే ఫైలులో ఉంటాయి. ఫైలు మొత్తాన్ని కౌంటర్ మీద పెడితే రెండూ కలిసే వెళ్తాయి. ఇక్కడ పనికొచ్చేది, నా లెక్కలో ఈ రంగంలోని అతి విలువైన పనిముట్టు, గిట్ యాడ్ పక్కన ఒక అడ్డగీత, పి అనే అక్షరం చేరిస్తే వచ్చేది: గిట్ యాడ్ -పి. అది మార్పులన్నింటినీ ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ తెర మీద చూపించి, దీన్ని కౌంటర్ మీద పెట్టమంటారా అని అడుగుతుంది. వై అంటే పెట్టు. ఎన్ అంటే వద్దు. ఎస్ అంటే ఈ ముక్క పెద్దదిగా ఉంది, ఇంకా విడగొట్టు. ఇ అంటే నేనే చేత్తో సరిచేసి ఇస్తాను. క్యూ అంటే ఇక చాలు.

ముక్కను హంక్ అంటారు. పాత ఫైలునూ కొత్త ఫైలునూ పక్కపక్కన పెట్టి పోల్చే డిఫ్ అనే పద్ధతిలో, మారిన పంక్తులూ వాటి చుట్టూ మారని మూడేసి పంక్తులూ కలిసి ఒక హంక్. రెండు మార్పులు దగ్గరదగ్గరగా ఉంటే ఒకే హంక్‌లో పడతాయి. వాటి మధ్య కనీసం ఒక్క మారని పంక్తి ఉన్నా ఎస్ నొక్కితే విడిపోతాయి. రెండూ ఒకే పంక్తిలో ఉంటే ఏ యంత్రమూ విడగొట్టలేదు, అప్పుడు ఇ ఒక్కటే దిక్కు.

ఇలా ముక్కముక్కగా అడిగే పద్ధతి గిట్‌లో 2007లో వచ్చిన 1.5 కూర్పు నుంచి ఉంది. అంతకుముందే, 2003లో, డేవిడ్ రౌండీ అనే భౌతికశాస్త్రవేత్త రాసిన డార్క్స్ అనే ప్రోగ్రాము కమిట్ చేయబోతే చాలు, ఒక్కో మార్పునూ చూపించి అడిగేది. ఇలా అడగడం అక్కడ మామూలు పద్ధతి. గిట్‌లో మాత్రం తెలిసినవాళ్ళు మాత్రమే వెతుక్కుని వాడే సదుపాయంగా మిగిలిపోయింది. ఇది గిట్ చేసిన పొరపాటని నేను అనుకుంటాను. కొత్తవాళ్ళకు గిట్ నేర్పేటప్పుడు ‘గిట్ యాడ్’ పక్కన చుక్క పెట్టి ఉన్నవన్నీ ఒక్క ఊపులో కౌంటర్ మీద గుమ్మరించడం మొదటిరోజే నేర్పుతాం, -పి గురించి ఏడాది తర్వాత ఎవరో చెబితే తెలుస్తుంది. నాకు నా శుక్రవారం తర్వాతే తెలిసింది.

-పి వాడితే ఇంకో మేలు కూడా ఉంది. ప్రతి ముక్కనూ మళ్ళీ ఒకసారి చదవక తప్పదు. పరీక్ష కోసం పెట్టి మరచిపోయిన పంక్తులు, తీసేయాల్సిన పాస్‌వర్డులు, పొరపాటున చెరిపిన కామాలు ఎక్కువగా అక్కడే దొరుకుతాయి.

కారణం అడిగే యంత్రం

ఇక కారణం రాయడం. ‘గిట్ కమిట్’ అని మాత్రమే కొడితే రాసుకోవడానికి ఒక ఎడిటర్ తెరుచుకుంటుంది. చాలా కంప్యూటర్లలో అది వీఐ. దాంట్లోకి వెళ్ళిన కొత్తవాళ్ళకు బయటికి రావడం తెలియదు. ఎస్కేప్ నొక్కాలనీ, కోలన్ పెట్టి డబ్ల్యూ క్యూ కొట్టాలనీ ఎవరో ఒకరు చెప్పాలి. ఆ భయంతో -ఎం అనే చిట్కా పట్టుకుంటారు. ఆజ్ఞ పక్కనే కొటేషన్లలో ఓ మాట రాసేస్తే ఎడిటర్ తెరుచుకోదు. కమిట్ కారణాలు ‘ఫిక్స్’, ‘మార్పులు’, ‘ఇంకోసారి’ అని ఒక్క మాటకు కుంచించుకుపోవడంలో బద్ధకం పాలు ఎంతుందో, వీఐ అంటే ఉన్న ఈ భయం పాలు కూడా అంతే ఉందని నా నమ్మకం.

గిట్ చేతిపుస్తకం చెప్పేది సులభమే: మొదటి పంక్తి 50 అక్షరాలు దాటని సారాంశం, ఒక ఖాళీ పంక్తి, ఆ తర్వాత కావలసినంత వివరం. ఈ పద్ధతిని కొంచెం బిగించి యంత్రం కూడా చదవగలిగేలా చేసింది కన్వెన్షనల్ కమిట్స్ అనే ఒప్పందం. వెబ్ ప్రోగ్రాములు కట్టడానికి వాడే యాంగ్యులర్‌ను రాసిన బృందం పాటించిన నియమాల నుంచి అది పుట్టింది. ఆ ఒప్పందం ప్రకారం సారాంశానికి ముందు ఆ మార్పు ఏ రకానిదో ఒక మాట ఉండాలి. కొత్త సదుపాయమైతే ఫీట్, లోపం సరిచేస్తే ఫిక్స్, పత్రాలు మాత్రమే మారిస్తే డాక్స్, పని మారకుండా లోపలి అమరిక మారిస్తే రీఫ్యాక్టర్, ఇలా. నా శుక్రవారం కమిట్‌ను ఆ పద్ధతిలో రాసి ఉంటే రెండు అయ్యేవి:

ఫిక్స్(పన్ను): పైసలను దగ్గరి రూపాయికి సర్దు

ఫిక్స్(ప్రింటర్): చివరి గడి తెగకుండా వెడల్పు తగ్గించు

ఈ నియమాలన్నీ గుర్తుంచుకోవడం విసుగు. ఆ విసుగు తీర్చడానికి వచ్చిన పనిముట్టే కమిటైజన్. గిట్ కమిట్‌కు బదులు గిట్ సీజెడ్ అని కొడితే అది వరసగా ప్రశ్నలు వేస్తుంది. ఈ మార్పు ఏ రకం? బాణం మీటలతో జాబితాలోంచి ఎంచుకోవచ్చు. ప్రోగ్రాములో ఏ భాగానికి చెందింది? రెండు ముక్కల్లో చెప్పండి. ఇంకా వివరం ఏమైనా ఉందా? దీనివల్ల పాతవి ఏమైనా పనిచేయకుండా పోతాయా? ఏ ఫిర్యాదుకు సంబంధించింది? జవాబులన్నీ కలిపి పద్ధతి ప్రకారం తానే సారాంశం పేర్చి, అసలు గిట్ కమిట్‌ను వెనక నుంచి పిలుస్తుంది. సీవీఎస్ లాగే, కోగిటో లాగే ఇదీ ఒక పిడి.

జావాస్క్రిప్ట్‌లో ఒకటి, పైథాన్‌లో ఒకటి, ఇదే పేరుతో రెండు ప్రోగ్రాములు ఉన్నాయి. పైథాన్‌ది ఇంకో అడుగు ముందుకేసి చిట్టా చదివి తర్వాతి కూర్పు సంఖ్య కూడా తానే నిర్ణయించగలదు. కూర్పు సంఖ్యల్లో మూడు అంకెలుంటాయి. ప్రోగ్రాము 2.3.1లో ఉందనుకోండి. క్రితం విడుదల తర్వాత అన్నీ ఫిక్స్‌లే అయితే 2.3.2. ఒక్క ఫీట్ ఉన్నా 2.4.0. పాతవి పనిచేయకుండా చేసే మార్పు ఒక్కటి ఉన్నా 3.0.0. పద్దులు సరిగా ఉంటే, ‘ఈ కూర్పులో కొత్తగా ఏముంది’ అనే జాబితా కూడా వాటిలోంచే పుడుతుంది.

కమిటైజన్ మీద ఒక విమర్శ ఉంది: ఆరు ప్రశ్నలకు జవాబు చెప్పడం ఒక మాట రాయడం కన్నా సులువెలా అవుతుంది? వేళ్ళ పని చూస్తే ఎక్కువే. కానీ ఖాళీ తెర ముందు కూర్చుని ఏం రాయాలా అని ఆలోచించడం కన్నా, అడిగినదానికి బదులివ్వడం మనిషికి తేలిక. ఊళ్ళో అర్జీలు రాసిపెట్టేవాళ్ళు చేసే పని అదే. ‘ఏం కావాలో చెప్పు’ అంటే నీళ్ళు నమిలే రైతు, ‘సర్వే నంబరెంత? ఎప్పుడు కొన్నావు? పక్క గట్టు ఎవరిది?’ అని అడిగితే గడగడా చెబుతాడు. ‘పాతవి ఏమైనా పనిచేయకుండా పోతాయా’ అన్న ప్రశ్న ఒక్కటి చాలు, ఆ పనిముట్టు విలువ తెలియడానికి. అది అడిగాకే చాలామంది ఆగి, అవును పోతాయి కదా అని గ్రహిస్తారు.

పది లక్షల పద్దుల్లో ఒకటి

విడివిడి పద్దుల లాభం రాసిన రోజున కనబడదు. ఆరు నెలల తర్వాత ఏదో పాడైనప్పుడు కనబడుతుంది. అప్పుడు గిట్ బైసెక్ట్ అనే ఆజ్ఞ సాయానికొస్తుంది. ఫలానా కమిట్ దగ్గర బాగానే ఉండేది, ఇప్పుడు బాగాలేదు అని రెండు గుర్తులు ఇస్తే, అది సరిగ్గా మధ్యలో ఉన్న కమిట్‌ను ముందు పెడుతుంది. ఇక్కడ పనిచేస్తోందా? చేస్తోందంటే తప్పు రెండో సగంలో ఉంది, లేదంటే మొదటి సగంలో. నిఘంటువులో మాట వెతకడానికి మధ్య పేజీ తెరిచి అటో ఇటో జరిగినట్టే. వెయ్యి కమిట్లలో దోషిని పట్టడానికి సుమారు 10 పరీక్షలు చాలు. లైనక్స్ కెర్నల్ చిట్టాలో పద్దులు పది లక్షలు దాటాయి, అన్నీ వెతకాల్సి వచ్చినా పరీక్షలు సుమారు 20.

అంత వెతికి పట్టుకున్న కమిట్‌లో ఐదు మార్పులు కలగలిసి ఉంటే ఏం లాభం? బిల్లు దొరికింది గానీ ఏ వస్తువు పాడైందో తెలియదు. అదే కమిట్‌లో ఒక్క మార్పే ఉంటే వెతుకులాట అక్కడితో అయిపోతుంది.

పద్దు రాశాక తప్పు కనబడితే? అప్పటికింకా ఎవరికీ పంపని కమిట్ అయితే గిట్ కమిట్ --ఫిక్సప్ అనే దారి ఉంది. ఫలానా పాత కమిట్‌కు ఇది దిద్దుబాటు అని గుర్తు పెట్టి, తర్వాత కమిట్లను తిరిగి పేర్చే రీబేస్‌ను --ఆటోస్క్వాష్‌తో నడిపినప్పుడు రెండింటినీ కలిపేస్తుంది. ఏ దిద్దుబాటు ఏ కమిట్‌కు చెందుతుందో వెతికే పని కూడా తీసేసింది గిట్ అబ్సార్బ్. దీనికి మూలం ఫేస్‌బుక్‌లో మెర్క్యూరియల్ అనే ఇంకో చిట్టా ప్రోగ్రాము కోసం తయారైన పనిముట్టు. గిట్ అబ్సార్బ్ తర్కం ముచ్చటగా ఉంటుంది. రెండు మార్పులు వేర్వేరు పంక్తుల్ని తాకితే వాటి వరస తారుమారు చేసినా ఫలితం ఒక్కటే. కాబట్టి కొత్త దిద్దుబాటును ఒక్కో కమిట్‌నూ దాటించుకుంటూ వెనక్కి జరుపుతుంది. ఏ కమిట్ దగ్గర వరస మారిస్తే ఫలితం చెడుతుందో అక్కడ ఆగుతుంది. ఆ దిద్దుబాటు దానిదే. వరస మార్చినా ఫలితం చెడని మార్పుల లెక్కను పునాదిగా పెట్టుకుని ముందే ఒక ప్రోగ్రాము కట్టినవాడు పైన చెప్పిన రౌండీయే.

ఇప్పుడు జుజుత్సు అనే ప్రోగ్రాము ఒకటి పేరు తెచ్చుకుంటోంది. గూగుల్‌లో పనిచేసే మార్టిన్ ఫాన్ త్స్వైగ్‌బెర్క్ దాన్ని 2019 చివర్లో సొంత అభిరుచిగా మొదలుపెట్టాడు. వెనక గిట్ చిట్టానే వాడుకుంటుంది గానీ కౌంటర్‌ను మాత్రం తీసేసింది. ఫోల్డరులో ఉన్నది ఎప్పటికప్పుడు కమిట్‌గానే నమోదవుతూ ఉంటుంది. తీరిగ్గా ఉన్నప్పుడు దాన్ని విడగొట్టి కారణం రాసుకోవచ్చు. పని మధ్యలో ఆగి పద్దు రాయడం కష్టమనుకునేవాళ్ళకు ఇది నచ్చుతుంది. నేను మాత్రం కౌంటర్ ఉన్న కొట్టుకే అలవాటుపడ్డాను.

రెండక్షరాలు, పదిహేను బైట్లు

తెలుగులో పనిచేసేవాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. గిట్ కమిట్ కారణాన్ని తెలుగులో నిక్షేపంగా రాయవచ్చు. గిట్ యూటీఎఫ్-8 ఉందనే అనుకుని పనిచేస్తుంది, కాబట్టి లోపల ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది ఫైలు పేర్ల దగ్గర. ‘పద్దు’ అనే పేరుతో ఫైలు పెట్టి గిట్ స్టేటస్ అడిగితే అది \340\260\252 అని మొదలయ్యే అంకెల తోక చూపిస్తుంది. ఫైలు పాడైందని భయపడక్కర్లేదు. అది ప అక్షరమే. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తూ మూడు బైట్లు, వాటిని గిట్ జాగ్రత్త కోసం అష్టాంశ సంఖ్యలుగా రాసి చూపుతోంది. కోర్ కోట్‌పాత్ అనే అమరికను ఫాల్స్ చేస్తే తెలుగు పేర్లు తెలుగులోనే కనబడతాయి.

సారాంశం 50 దాటకూడదన్న నియమం కూడా మన దగ్గర మెలిక తిరుగుతుంది. పద్దు అన్న మాట కంటికి రెండక్షరాలు. కంప్యూటర్ గుర్తుల లెక్కలో ప, ద, పొల్లు, ద, ఉకారం కలిసి ఐదు. బైట్ల లెక్కలో పదిహేను. జావాస్క్రిప్ట్‌లో రాసిన కమిటైజన్ దీన్ని ఐదుగా లెక్కపెడుతుంది. బైట్లు లెక్కపెట్టే పనిముట్టు ఏదైనా అయితే పదహారు గుర్తులు దాటగానే ‘చాలా పొడవైంది’ అంటుంది. తెలుగులో అనువాద ఫైళ్ళూ పాఠ్యపుస్తకాలూ నిఘంటువులూ గిట్‌లో పెట్టి కలిసి పనిచేసేవాళ్ళు ఆ పరిమితిని పెంచుకోవాలి, అంతేగానీ భాషను కుదించుకోకూడదు. తెలుగు అనువాదంలో ఒక మాట బదులు ఇంకో మాట ఎందుకు ఎంచుకున్నామో తెలుగులో రాసి ఉంచితే, తర్వాత వచ్చే అనువాదకుడికి అంతకు మించిన ఆధారం ఇంకొకటి ఉండదు.

ఈమధ్య కృత్రిమ మేధతో కమిట్ కారణాన్ని రాసిపెట్టే పనిముట్లు చాలా వచ్చాయి. డిఫ్‌ను చదివి చక్కటి వాక్యం అల్లి ఇస్తాయి. నేనూ వాడి చూశాను. ఏం మారిందో అవి బాగానే చెబుతాయి. ఒక ప్రోగ్రాములో పన్ను రేటు 12 తీసి 5 పెట్టారనుకోండి. యంత్రం ‘పన్ను రేటును 12 నుంచి 5కు మార్చాం’ అని రాస్తుంది. అది డిఫ్ చూస్తే ఎవరికైనా తెలిసేదే. జీఎస్‌టీ కొత్త శ్లాబులు 2025 సెప్టెంబర్ 22 నుంచి అమల్లోకి వచ్చాయనీ, ఆ తేదీకి ముందు ఇచ్చిన బిల్లులకు పాత రేటే వర్తించాలనీ డిఫ్‌లో ఎక్కడా ఉండదు. అది రాసినవాడి బుర్రలో ఉంటుంది. ఏడాది తర్వాత పాత బిల్లుల లెక్క తేడా వచ్చిందని వెతికేవాడికి కావలసింది ఆ ఒక్క వాక్యమే. అందుకే నా మొగ్గు రాసిపెట్టే పనిముట్టు కన్నా అడిగే పనిముట్టు వైపు. యంత్రం రాసిన వాక్యాన్ని ఉంచుకున్నా, దాని కింద ‘ఎందుకంటే’ అని మొదలుపెట్టి ఒక పంక్తి మీ చేత్తో చేర్చండి.

మీరు ప్రోగ్రామర్ అయితే, ఈరోజు సాయంత్రం కమిట్ చేసే ముందు ఒక్కసారి గిట్ యాడ్ -పి కొట్టి చూడండి. దాని కోసం కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. మీ కంప్యూటర్‌లో గిట్ ఉంటే అది ఇప్పటికే ఉంది.